ప్రోగ్రామింగ్ చదువు: మన పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటర్ ఫలితాలు వెలువడి, డిగ్రీ, ఇంజినీరింగ్ ప్రవేశాల ప్రకటనలు వచ్చే రోజుల్లో వికారాబాద్, తాండూరు పట్టణాల్లోని మన ఇళ్లలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "అబ్బాయికి ఏ కంప్యూటర్ కోర్సు చేయిస్తే ఉద్యోగం వస్తుంది?" జుమా నమాజు ముగిశాక మస్జిద్ మెట్ల మీద చెప్పులు వెదుక్కుంటూ అడిగేవారున్నారు. పెళ్లి విందులో పక్కన కూర్చుని అడిగేవారున్నారు. అమ్మాయి గురించి అడిగేవారు తక్కువ. ఆ సంగతికి తర్వాత వద్దాం. ప్రశ్న సహజమైనదే. అయితే దానికి ఒక కోర్సు పేరు జవాబుగా చెప్పి పంపించడం వల్ల ఎందరో తల్లిదండ్రుల సొమ్ము, అంతకన్నా విలువైన పిల్లల కాలం వృథా అవుతున్నాయి. అందుకే ఈ నెల సంపాదకీయాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాం.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు నగరం మధ్యగా పారుతుంది. మన రైలు మార్గమూ అటే పోతుంది. తాండూరులో రైలెక్కి, వికారాబాద్, శంకర్‌పల్లి దాటి లింగంపల్లిలో దిగితే, అక్కడి నుంచి హైటెక్ సిటీ స్టేషన్‌కు స్థానిక రైళ్లున్నాయి. ఆ చుట్టుపక్కల 1998వ సంవత్సరంలో మూడు సంస్థలు తలెత్తాయి. ఆ ఏడాది నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. గచ్చిబౌలిలో ఐఐఐటీ వెలసింది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపించబడినదీ ఆ సంవత్సరమే; దాని ప్రాంగణమూ గచ్చిబౌలిలోనే ఉంది. అంటే పరిశ్రమ, చదువు, మన ఇంటి భాషలో ఉన్నత విద్య, మూడూ ఒకే కాలంలో ఒకే దిక్కున, మన రైలు పట్టాల చివర నిలిచాయి. ఇది జరిగి పాతికేళ్లు దాటింది. ఈ పాతికేళ్లలో మన ప్రాంతం నుంచి ఆ భవనాల దాకా వెళ్లినవారిలో గోడ కట్టినవారు, రాయి పరిచినవారు, కారు నడిపేవారు, గేటు దగ్గర కాపలా కాసేవారు ఎక్కువ. లోపల కూర్చుని ప్రోగ్రాం రాసేవారు తక్కువ. ఏ పనీ చిన్నది కాదు. కాని తండ్రి పరిచిన నాపరాళ్ల మీద నడిచి కొడుకో కూతురో ఇంజినీరుగా లోపలికి వెళ్లే రోజు ఇంత ఆలస్యం కావలసిన అవసరం లేదు.

ఈ రంగం మన సముదాయానికి ఎందుకు ముఖ్యమో సూటిగా చెప్పుకోవాలి. 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు లభించిన 4 శాతం రిజర్వేషన్ విద్యాసంస్థల ప్రవేశాల్లోనూ, రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లోనూ ఉపకరిస్తుంది. దానిని కాపాడుకోవడానికి న్యాయస్థానాల్లో జరుగుతున్న పోరాటాన్ని ఈ పత్రిక పాఠకులకు కొత్తగా వివరించనక్కరలేదు. అయితే ఆ రిజర్వేషన్ ఇంజినీరింగ్ కళాశాల గేటు దాటించగలదే గాని ప్రైవేటు కంపెనీ గేటు దాటించలేదు. ప్రముఖ కళాశాలల్లోని డిగ్రీ విద్యార్థుల్లో 25 మందికి ఒకరు, పీజీ విద్యార్థుల్లో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని సచార్ కమిటీ 2006లో నివేదించింది. ఆ గేటు దగ్గరే మనం అంత పలచబడిపోతే, తర్వాతి గేటు మాట చెప్పనక్కరలేదు.

"పేరు చూడగానే పక్కన పెట్టేస్తారు, ఎందుకు శ్రమ?" అనే నిరాశ మన యువకుల్లో ఉంది. అది ఊరికే పుట్టింది కాదు. ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రైవేటు ఉద్యోగాల పత్రికా ప్రకటనలకు ఒకే రకమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపించారు. అగ్రవర్ణ హిందువు పేరుతో పోల్చితే ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతేనని తేలింది. దీనిని మనం తరచుగా ఉదహరిస్తాం, ఉదహరించవలసిందే. కాని దాని పక్కన మరొకటి కూడా చదవాలి. తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఆర్థికవేత్తలతో కలిసి ఢిల్లీ పరిసరాల్లో అలాంటి పరీక్షే చేశారు. సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ రంగాల్లోని 371 ఖాళీలకు 3,160 కల్పిత దరఖాస్తులు పంపారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో ముస్లిం పేరు కారణంగా వివక్ష జరిగినట్టు కనిపించలేదు.

ఈ రెండో పరిశోధనను చూసి సంబరపడిపోవాలని మా ఉద్దేశం కాదు. అది ఢిల్లీ సంగతి, పైగా పాతది. పిలుపు రావడం వేరు, ఉద్యోగం రావడం వేరు. ఉద్యోగం వచ్చాక ఆ నగరంలో మన పేరు చెప్పి అద్దె ఇల్లు సంపాదించడం మరో పరీక్ష. అయినా ఆ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. అభ్యర్థి చేయగల పనిని పరీక్షించి చూసుకునే వీలు ఎక్కడ ఉంటుందో అక్కడ పేరుకు ఉండే బరువు కొంత తగ్గుతుంది. ప్రోగ్రాం నడుస్తుంది, లేదా నడవదు. రాసినవాడి వలదియత్ ఏమిటని కంప్యూటర్ అడగదు. అన్ని తలుపులూ ఒకే గట్టిగా బిగించి లేవన్నప్పుడు, కొంత తెరిచి ఉన్న తలుపు దగ్గరికి ముందుగా వెళ్లడం వివేకం.

ఇక అసలు విషయం. "మా వాడు కంప్యూటర్ నేర్చుకున్నాడు" అని మన పట్టణాల్లో చెప్పుకుంటున్నప్పుడు సాధారణంగా దాని అర్థం మూడు నెలలో ఆరు నెలలో చేసిన ఒక డిప్లొమా: ఉత్తరాలు టైపు చేయడం, పట్టికలు తయారు చేయడం, ట్యాలీలో లెక్కలు ఎక్కించడం. ఈ రచయిత ఉద్యోగంలో చేరిన తరంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసైతే గుమస్తా ఉద్యోగానికి దారి దొరికేది. నేటి ఆ డిప్లొమా దానికి వారసురాలు. మీసేవా కేంద్రంలోనో, కిరాణా హోల్‌సేల్ దుకాణంలోనో పనికి వస్తుంది. అది గౌరవప్రదమైన పనే. కాని అది ప్రోగ్రామింగ్ కాదు. ఇతరులు చేసిన పనిముట్టును వాడడం ఒకటి, పనిముట్టునే తయారు చేయడం మరొకటి. ఈ తేడా తెలియక డిప్లొమా పత్రం పట్టుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీల చుట్టూ తిరిగిన పిల్లలు మన మధ్య ఎందరో ఉన్నారు.

ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తాండూరు వాసులకు తాండూరు రాయితోనే చెప్పవచ్చు. పాలిషింగ్ యూనిట్‌లో పలకల కొలత అంగుళాల్లో తీసి, ధర చదరపు అడుగుకు కడతారనుకుందాం. 22 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉన్న పలక వైశాల్యం 484 చదరపు అంగుళాలు. 144తో భాగిస్తే సుమారు 3.36 చదరపు అడుగులు. అలాంటివి నూరు పలకలు కొంటే ఎంత? ఒక్కో పలకను "మూడున్నర" అని గుండు చేసి నూటితో గుణిస్తే 350 అడుగులు. మొత్తం లెక్కించాక చివర గుండు చేస్తే 336. తేడా 14 అడుగులు. ఆ మేరకు డబ్బు అమ్మేవాడి జేబులోనో కొనేవాడి జేబులోనో పడుతుంది. గుండు ఎప్పుడు చేయాలి? పగిలిన పలకలను ముందే తీసివేయాలా, తర్వాతా? ఎవరైనా వెడల్పు బదులు పొరపాటున సున్నా నొక్కితే ఏమి చెప్పాలి? ఈ ప్రశ్నలన్నింటికీ ముందుగానే జవాబులు ఆలోచించి, కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలో, మెట్టు మెట్టుగా, సందేహానికి తావులేకుండా రాసి పెట్టడమే ప్రోగ్రామింగ్. ఇలా మెట్లు మెట్లుగా రాసిన పద్ధతిని అల్గారిథం అంటారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ బైతుల్ హిక్మాలో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లో మారి మారి ఆ మాట అయింది. మన సభల్లో ఈ సంగతి చెప్పగానే చప్పట్లు మోగుతాయి. ఆ సభల్లో ఒక్కసారైనా, ఒక్క పిల్లవాడి చేతనైనా నాలుగు వరుసల అల్గారిథం రాయించి ఉంటే బాగుండేది.

ఆ రాళ్ల బిల్లునే ఇంకొంత దూరం తీసుకెళదాం. ఎందుకంటే "ఏ రకం డెవలపర్ కావాలి?" అనే ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. లెక్క కట్టే ప్రోగ్రాం పైథాన్ భాషలో పది పదిహేను వరుసల్లో తయారవుతుంది. దానిని కొనుగోలుదారు తెర మీద చూసి అంకెలు నింపేలా పేజీ తీర్చిదిద్దేవాడు ఫ్రంట్ ఎండ్ డెవలపర్. అతని సామగ్రి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. తెర వెనుక లెక్క కట్టి, ఎవరి బాకీ ఎంతో చూసి జవాబు పంపే భాగం రాసేవాడు బ్యాక్ ఎండ్ డెవలపర్. జావా, పైథాన్ వంటివి అతని భాషలు. ఏడాది బిల్లులన్నీ పోకుండా, అడిగిన వెంటనే దొరికేలా దాచడానికి డేటాబేస్ కావాలి. దానితో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. లారీ డ్రైవరు ఫోనులోనే బిల్లు చూడాలంటే మొబైల్ యాప్ కావాలి. ఆండ్రాయిడ్‌కైతే కోట్లిన్ నేర్చుకోవాలి. సున్నా నొక్కితే, ఒకేసారి ఇద్దరు నొక్కితే, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందని వెదికి వెదికి తప్పులు పట్టేవాడు టెస్టర్. ఏ నెలలో ఏ సైజు పలక ఎక్కువ అమ్ముడుపోయిందో, వచ్చే ఏడాది ఎంత కావచ్చో తేల్చేవాడు డేటా విశ్లేషకుడు; అతనికి గణాంకశాస్త్రం మీద పట్టు ఉండాలి. తీర్చిదిద్దినట్టు అందంగా చేయడం ఇష్టపడే పిల్ల మొదటి దారిలో రాణిస్తుంది. లెక్కలు, తర్కం నచ్చే పిల్లవాడు రెండో దారిలో. ఎదుటివారి పనిలో లోపం టక్కున పసిగట్టేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వారిని టెస్టింగ్ వైపు పంపండి.

కాని ఈ ఎంపిక మొదటి రోజు చేయవలసినది కాదు. మొదటి ఆరు నెలలు ఒకే భాష పట్టుకోవాలి. పైథాన్ అయితే చదవడానికి తేలిక. కళాశాలలో సీ భాషో జావానో చెబుతుంటే అదే మేలు. ఏది అనేదాని కంటే మధ్యలో మార్చకపోవడం ముఖ్యం. సోమవారం పైథాన్, మరుసటి వారం జావా, ఆపై ఎవరో చెప్పారని ఇంకొకటి, ఇలా తిరిగే పిల్లలకు ఏదీ ఒంటబట్టదు. ఒక భాషలో షరతులు, పునరావృత్తులు, ఫంక్షన్లు, జాబితాలు చేతికి వచ్చాక రెండో భాష కొన్ని వారాల పని. ఆరు నెలల తర్వాత పైన చెప్పిన దారుల్లో రెండింటిని రుచి చూసి ఒకటి ఎంచుకోవచ్చు. రాసినదంతా గిట్‌హబ్‌లో పెట్టడం మొదటి నుంచే అలవాటు కావాలి. రేపు ఉద్యోగానికి పిలిచినవారు అడిగేది "నీవు స్వయంగా ఏమి తయారు చేశావు?" అని. అమ్మకాల చిట్టా రాసిన పుస్తకం ఎలా పనికి వస్తుందో అక్కడ ఆ ఖాతా అలా పనికి వస్తుంది.

ఇంగ్లీషు గురించి దాచకుండా చెప్పాలి. మన పిల్లల ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సరిహద్దు ఊళ్లలో కన్నడం. తెర మీద మాత్రం ఇంగ్లీషు. ప్రోగ్రాం రాయడానికి కావలసిన ఇంగ్లీషు మాటలు కొన్ని పదులే. తప్పు జరిగినప్పుడు కంప్యూటర్ ఇచ్చే సందేశాన్ని చదివి అర్థం చేసుకోవడానికి, సహాయ పత్రాలు చదవడానికి మాత్రం పఠన సామర్థ్యం కావాలి. గలగలా మాట్లాడడం తర్వాత వస్తుంది. రోజూ అరగంట చదివే అలవాటు ముందుగా రావాలి. మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చినవారికి కంప్యూటర్ సైన్సులో బీటెక్, ఎంసీఏ చదివే వీలు కల్పిస్తోంది. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

డబ్బు సంగతి. అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల శిక్షణ కేంద్రాలు తెలుగు నేల మీద వేలాది మందికి దారి చూపించిన మాట నిజమే. ఇప్పటికే పునాది ఉన్నవాడు ఒక నిర్దిష్ట విషయం కోసం అక్కడ రెండు నెలలు కూర్చుంటే లాభమే. పునాది లేనివాడిని తల్లి నగలు కుదువ పెట్టి పంపితే, అతడు పేరున్న కోర్సు పూర్తి చేసి పేరులేని పత్రంతో తిరిగి వస్తాడు. మొదటి ఏడాదికి కావలసినదంతా ఉచితంగా దొరుకుతుంది. ఐఐటీ అధ్యాపకుల ఎన్‌పీటెల్, కేంద్ర ప్రభుత్వ స్వయం, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సీఎస్50, ఫ్రీకోడ్‌క్యాంప్ ఇంటి నుంచే చూడవచ్చు. కావలసిన ఖర్చు ఒక్కటే: లాప్‌టాప్. ఫోను మీద పాఠం వినవచ్చు గాని పని నేర్చుకోలేము. పండుగకు కొనే కొత్త ఫోను ధరకే మంచి పాత లాప్‌టాప్ వస్తుంది. దాని మీద లైనక్స్ వేసుకుంటే సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు ఉండదు.

మూడు లక్షలిస్తే దొంగ అనుభవ పత్రంతో ఉద్యోగం ఇప్పిస్తామనే దళారుల విషయంలో తల్లిదండ్రులు మెత్తబడకూడదు. కంపెనీలు పాత ఉద్యోగ వివరాలను విచారించి, పట్టుబడినవారిని తొలగిస్తాయి. ఆ మచ్చ తర్వాతి దరఖాస్తును కూడా వెంటాడుతుంది.

చదువు దారులు చాలామందికి తెలిసినవే, అయినా గుర్తు చేద్దాం. పదో తరగతి తర్వాత బాసర ఆర్‌జీయూకేటీ ఆరేళ్ల చదువుకు పదో తరగతి ఫలితాల మీదే ప్రవేశం, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అదనపు ప్రాధాన్యం. పాలిసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంజినీరింగ్ సీటు రాలేదని కుమిలిపోయేవారు దోస్త్ ద్వారా కంప్యూటర్స్‌తో బీఎస్సీనో బీసీఏనో చేసి, ఐసెట్ రాసి ఎంసీఏలో చేరవచ్చు. ఎన్‌ఐటీల్లో ఎంసీఏకు వేరే పరీక్ష, నిమ్‌సెట్. ఊరు చివరి కళాశాలలో బీటెక్ కంటే మంచి చోట ఎంసీఏ చదవడం మేలని మా అభిప్రాయం.

కృత్రిమ మేధ వచ్చాక ప్రోగ్రామర్ల అవసరమే ఉండదని కొందరు చెప్పి పిల్లలను వెనక్కి లాగుతున్నారు. 2022 చివర చాట్ జీపీటీ వచ్చాక ఆ మాట మరీ పెరిగింది. అదే సమయంలో పెద్ద కంపెనీలు కొత్తవారిని తీసుకోవడం తగ్గించిన మాట కూడా వాస్తవమే. ఆ యంత్రం రాళ్ల బిల్లు ప్రోగ్రాంను క్షణంలో రాసి ఇస్తుంది. గుండు ఎక్కడ చేసిందో, ఆ 14 అడుగులు ఎవరికి పోయాయో చూడగలిగినవాడికే ఇకమీదట జీతం. కాబట్టి నేర్చుకునే తొలి ఏడాది దాని చేత రాయించుకోకుండా, తాను రాసినది దాని చేత దిద్దించుకునే పిల్లలు నిలబడతారు.

ఇప్పుడు అమ్మాయిల మాట. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాములు సిద్ధం చేసిన తొలి ఆరుగురూ స్త్రీలే. మన బడుల్లో మార్కుల జాబితా చూస్తే ముందు వరుసలో ఆడపిల్లలే ఉంటారు. ఇంటర్ కాగానే ఆ వరుస మాయమవుతుంది. "ఇంటి నుంచే చేసే ఉద్యోగమైతే నేర్పిస్తాం" అనే తండ్రులకు ఒక మాట: తొలి ఉద్యోగం చాలావరకు కార్యాలయానికి వెళ్లి చేయవలసిందే. కొన్నేళ్లు అక్కడ నేర్చుకున్నవారికే ఇంటి నుంచి చేసే వీలు నిలుస్తుంది. కనుక హాస్టల్, ప్రయాణం, తోడు, వీటి ఏర్పాట్లు డిగ్రీ మొదటి సంవత్సరంలోనే ఆలోచించాలి. చివరి సంవత్సరంలో నియామక పత్రం చేతికి వచ్చాక "పంపం" అంటే ఆ పిల్లకు మిగిలేది ఏమిటి?

ప్రభుత్వం చేయవలసినవి రెండున్నాయి. 2016లో 71తో మొదలై 204కు పెరిగిన తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో ఎనిమిదో తరగతి నుంచే ప్రోగ్రామింగ్ చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. కంప్యూటర్ గది ఉండగానే సరిపోదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారు అన్నది తల్లిదండ్రుల సమావేశంలో అడగాలి. రెండోది, బోధన రుసుముల బకాయిలు. అవి ఆగినప్పుడల్లా కళాశాలలు ధ్రువపత్రాలు ఆపుతున్నాయి, ఉద్యోగం వచ్చిన పిల్లలు చేరలేకపోతున్నారు. ఏ శాఖ ఏ సాకు చెప్పినా ఆ నష్టం విద్యార్థి మీదనే పడుతున్నది.

మనం చేయదగినది ప్రభుత్వం కోసం ఆగనక్కరలేదు. తాండూరులో, వికారాబాద్‌లో ఒక్కొక్క గది కావాలి. షాదీఖానాలో వారం మధ్యలో ఖాళీగా ఉండే గది అయినా చాలు. ఆరు పాత కంప్యూటర్లు, ఇంటర్నెట్, మగ్రిబ్ నుంచి ఇషా వరకు అబ్బాయిలకు, మధ్యాహ్నం అమ్మాయిలకు వేళలు. అర్హులైన పేద విద్యార్థులకు లాప్‌టాప్ కొనివ్వడానికి జకాత్ సొమ్ము ఏ మేరకు వాడవచ్చో స్థానిక ఉలమాను అడిగి తెలుసుకోండి. నేర్పేవారు ఎక్కడున్నారంటారా? గచ్చిబౌలిలో పనిచేస్తూ శనివారం సాయంత్రం రైల్లో ఇంటికి వచ్చే మన పిల్లలు, కొద్దిమందే అయినా, ఉన్నారు. ఆదివారం రెండు గంటలు ఇవ్వగలవారి పేర్లు, వారు ఏ భాష నేర్పగలరో మస్జిద్ కమిటీలు ఒక కాగితం మీద రాసి ఈ నెలాఖరులోగా పత్రిక కార్యాలయానికి పంపించగలరు. పాఠాల క్రమం, మొదటి పన్నెండు ఆదివారాలకు అభ్యాసాలు తయారు చేసి వచ్చే సంచికలో ప్రచురిస్తాం. మొదటి ఆదివారం అభ్యాసం రాళ్ల బిల్లు.